ఇమ్యునైజేషన్: రోమన్ పన్ను మినహాయింపు నుంచి టీకా సూది దాకా

కరోనా వచ్చి వెళ్లింది గానీ అది లేవదీసిన ఒక ప్రశ్న మాత్రం ఇంకా తెగలేదు. "రెండు డోసులూ వేయించుకున్నా జబ్బు వచ్చింది కదా, మరి ఇమ్యూనిటీ ఏమైనట్టు?" దీనికి మామూలుగా రెండు జవాబులు వినిపిస్తాయి. టీకాలన్నీ దండగ అంటారు కొందరు. టీకా గురించి ప్రశ్నే అడగకూడదన్నట్టు మాట్లాడతారు ఇంకొందరు. అడిగినవాడికి రెండు చోట్లా జవాబు దొరకదు. ఎందుకంటే చిక్కు సగం వైద్యంలో ఉంటే, సగం మాటలో ఉంది. వ్యాక్సిన్, వ్యాక్సినేషన్, ఇమ్యూనిటీ, ఇమ్యునైజేషన్, పాత పుస్తకాల్లో కనిపించే ఇనాక్యులేషన్... అన్నిటినీ 'టీకా' పేరుతో ఒకే గాటన కట్టేశాం. విప్పి చూస్తే వీటిలో ఒకటి తోటలో పుట్టింది, ఒకటి పశువుల కొట్టంలో పుట్టింది. ఇక్కడ మనకు కావలసిన మాట పుట్టింది మాత్రం పన్నుల లెక్కల్లో.

ఏ మాట దేనికి?

వ్యాక్సిన్ అనేది సీసాలో ఉండే పదార్థం. దాన్ని సూదితోనో చుక్కలుగానో శరీరంలోకి పంపడం వ్యాక్సినేషన్. ఫలానా రోగాన్ని, లేదా ఆ రోగం కలిగించే విషాన్ని శరీరం తట్టుకోగలిగే స్థితి ఇమ్యూనిటీ. మనం రోగనిరోధక శక్తి అంటున్నది దాన్నే. ఆ స్థితికి శరీరాన్ని చేర్చే ప్రక్రియ ఇమ్యునైజేషన్.

అంటే వ్యాక్సినేషన్ నర్సు చేసే పని, ఇమ్యునైజేషన్ ఒంట్లో జరిగే పని. మొదటిది అరనిమిషంలో అయిపోతుంది, కార్డు మీద తేదీ పడుతుంది. రెండోది మొదలు కావడానికి రోజులు, స్థిరపడడానికి వారాలు పడుతుంది. కొందరిలో అసలు జరగకపోవచ్చు కూడా. అది జరిగిందా లేదా అన్నది ఏ కార్డు మీదా ఉండదు.

ఊరి చాకిరీ తప్పినవాడు

లాటిన్‌లో 'మూనుస్' అనే మాట ఉంది. విధి, బాధ్యత, ఊరి కోసం చేసి తీరాల్సిన పని, కానుక అని దానికి చాలా అర్థాలు. రోమన్ నగరంలో పౌరుడిగా ఉండడం ఊరికే దక్కే గౌరవం కాదు. దారులు బాగు చేయించాలి, ధాన్యం సేకరించాలి, బహిరంగ స్నానశాలల్లో నీళ్లు కాగే ఏర్పాటు చూడాలి, దారిన పోయే సైనికులకు బస ఇవ్వాలి. ఈ భారాలన్నీ మూనుస్ కిందికే వస్తాయి. దాని ముందు 'కాదు, లేదు' అనే ఉపసర్గ చేరిస్తే 'ఇమ్మూనిస్' అవుతుంది. ఆ చాకిరీ, ఆ పన్ను తప్పినవాడన్నమాట. ఆ మినహాయింపు పేరు 'ఇమ్మూనితాస్'. నేటి ఇమ్యూనిటీ దాని వారసురాలే.

ఈ మూనుస్ కుటుంబం మనకు కొత్తదేమీ కాదు. ఊరి భారం పంచుకునే వ్యవస్థ మునిసిపాలిటీ అయింది. భారం ఉమ్మడిగా మోసేవాళ్లది కామన్, కమ్యూనిటీ. చేసిన పనికి బదులుగా ఇచ్చేది రెమ్యునరేషన్. కమ్యూనిటీ, ఇమ్యూనిటీ ఒకే తల్లి పిల్లలు. ఒకరు భారం పంచుకునేవారు, ఇంకొకరు తప్పించుకున్నవారు.

రోమన్ సైన్యంలో 'ఇమ్మూనెస్' అని ఒక వర్గమే ఉండేది. కొలతలు వేసేవాళ్లు, ఆయుధాలు చేసేవాళ్లు, గాయాలకు కట్లు కట్టే వైద్యులు వగైరా. వీళ్లు కందకాలు తవ్వక్కర్లేదు, కాపలా కాయక్కర్లేదు. అంతమాత్రాన యుద్ధం తప్పేది కాదు. 2వ శతాబ్దంలో ఆంటోనినస్ పయస్ చక్రవర్తి ఏ నగరంలో ఎంతమంది వైద్యులకు పౌర భారాల నుంచి మినహాయింపు ఉండవచ్చో లెక్క కట్టాడు: చిన్న నగరంలో 5 మంది, పెద్ద నగరంలో 7, మహానగరంలో 10. పదిహేడు వందల ఏళ్ల తరువాత వైద్యశాస్త్రం అరువు తెచ్చుకోబోయే మాట అప్పటికి వైద్యుల పన్ను రాయితీ పేరుగా చలామణీ అయిందన్నది నాకు భలే సరదాగా అనిపించే సంగతి.

ఈ పాత అర్థంలో గమనించాల్సిందొకటి ఉంది. మినహాయింపు ఎప్పుడూ ఫలానా దాని నుంచే. ధాన్యం భారం తప్పినవాడికి భూమి పన్ను తప్పకపోవచ్చు. దానికి షరతులుంటాయి, గడువుంటుంది, ఇచ్చినవాళ్లు వెనక్కి తీసుకోనూవచ్చు. చట్టంలో ఈ మాట ఇప్పటికీ అలాగే బతుకుతోంది. 1961 నాటి వియన్నా ఒప్పందం విదేశీ దౌత్యవేత్తలకు ఇచ్చే ఇమ్యూనిటీ వాళ్లు పనిచేసే దేశపు కోర్టులకే వర్తిస్తుంది, సొంత దేశంలో విచారణను ఆపదు. పైగా సొంత ప్రభుత్వం తలచుకుంటే దాన్ని వదులుకోవచ్చు. వైద్యంలోకి వచ్చేసరికి మాత్రం మనం ఈ షరతులన్నీ మరిచిపోయి, ఇమ్యూనిటీ అంటే సర్వరోగాలకూ శాశ్వత విముక్తి అన్నట్టు వాడేస్తున్నాం. 'ఇమ్యూనిటీ పెంచే' పానీయాల ప్రకటనలు బతికేది ఈ మరుపు మీదే. ఏ రోగం నుంచి, ఎంతకాలం అన్న రెండు ప్రశ్నలు అడిగితే ఆ ప్రకటన ముందుకు సాగదు.

పేరు లేని నాటి అనుభవం

మాట రాకముందే సంగతి తెలుసు. క్రీ.పూ. 430లో ఏథెన్స్‌ను ఒక మహమ్మారి ఊడ్చేసింది. ఆ జబ్బు పడి లేచిన చరిత్రకారుడు థుసిడిడీస్ తాను చూసింది రాసిపెట్టాడు. రోగుల దగ్గర జాలితో మసలినవాళ్లు అదే జబ్బు నుంచి కోలుకున్నవాళ్లేనట. వాళ్లకిక భయం లేదు, ఎందుకంటే అది ఒకే మనిషిని రెండోసారి పట్టదు, కనీసం ప్రాణం తీసేంతగా పట్టదు అన్నాడు. ఆ చివరి మాట చూడండి. 'రాదు' అని ఊరుకోలేదు, 'ప్రాణం తీసేంతగా రాదు' అని సరిదిద్దుకున్నాడు. మొదట్లో చెప్పిన ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

ఒకసారి మశూచి సోకి బతికినవాళ్లకు అది మళ్లీ రాదన్నది చాలా సమాజాలు గమనించాయి. అయితే తక్కువ మోతాదులో కావాలనే తెప్పించుకుంటే పోలేదా అన్న ఆలోచన చైనాలో, భారతదేశంలో, ఆఫ్రికాలో, ఒట్టోమన్ సామ్రాజ్యంలో కనిపిస్తుంది. చైనాలో పొక్కుల చెక్కు పొడి చేసి ముక్కులోకి ఊదేవాళ్లు. మిగతాచోట్ల చర్మం గీరి రసి అంటించేవాళ్లు. బ్రిటిష్ రాయబారి భార్య మేరీ వర్ట్‌లీ మాంటేగ్యూ 1717లో టర్కీ నుంచి రాసిన ఉత్తరంలో ఈ పద్ధతిని వర్ణించింది. మరుసటి ఏడు కొడుక్కి చేయించింది, 1721లో లండన్‌లో కూతురికీ చేయించింది. అదే 1721లో బోస్టన్‌ను మశూచి ముంచెత్తింది. ఆఫ్రికా నుంచి బానిసగా తెచ్చిన ఒనీసిమస్ అనే మనిషి, చిన్నప్పుడు తనకు ఈ పని చేశారని అక్కడి మతాచార్యుడు కాటన్ మేథర్‌కు అంతకుముందే చెప్పి ఉన్నాడు. ఆ మాట పట్టుకుని బాయ్‌ల్‌స్టన్ అనే వైద్యుడు రెండు వందల మందికి పైగా చేశాడు. వాళ్లలో చనిపోయింది 2 శాతం పైచిలుకు. మామూలుగా సోకినవాళ్లలో దాదాపు 14 శాతం పోయారు.

ఇంగ్లిష్‌వాళ్లు ఈ పనికి పెట్టిన పేరు ఇనాక్యులేషన్. ఇది తోటమాలి మాట. లాటిన్‌లో 'ఓక్యులుస్' అంటే కన్ను. చెరకు గడకు ఉండే కన్నును మనం ఎలా కన్నంటామో, రోమన్లూ చెట్టు మొగ్గను అలాగే కన్నన్నారు. ఒక చెట్టు కన్ను తీసి ఇంకో చెట్టు బెరడులో పొదగడం ఇనాక్యులేషన్, అంటే అంటు కట్టడం. మనకైతే అంటు కట్టడమూ, అంటువ్యాధీ ఒకే క్రియ నుంచి వచ్చాయి. ఇంగ్లిష్‌వాళ్లు దూరం వెళ్లి తెచ్చుకున్న పోలిక తెలుగులో పెరట్లోనే ఉంది.

ఆవు పేరు, గుర్రం అనుమానం

1796 మే 14న ఇంగ్లిష్ వైద్యుడు ఎడ్వర్డ్ జెన్నర్, పాలు పితికే సేరా నెల్మ్స్ చేతి మీది పొక్కు రసిని ఎనిమిదేళ్ల జేమ్స్ ఫిప్స్ చేతికి అంటించాడు. ఆవుల నుంచి ఆమెకు సోకిన తేలికపాటి జబ్బు అది. జూలైలో అదే పిల్లాడికి అసలు మశూచి రసి అంటించినా ఏమీ కాలేదు. ఈ రోజుల్లో ఏ నైతిక సంఘమూ ఒప్పుకోని పరీక్ష ఇది. 1798లో తన పరిశీలనలు అచ్చు వేస్తూ ఆ జబ్బును 'వారియోలే వాక్సినే' అన్నాడు, అంటే ఆవు మశూచి. లాటిన్‌లో 'వాక్కా' ఆవు. వ్యాక్సినేషన్ అనే మాటను జెన్నర్ స్నేహితుడు, శస్త్రవైద్యుడు రిచర్డ్ డన్నింగ్ 1800లో అచ్చులోకి తెచ్చాడు.

పేరు ఆవుది గానీ, ఆ వైరస్ నిజంగా ఆవుదేనా అన్నది వేరే కథ. ఇది గుర్రాల నుంచి ఆవులకు చేరి ఉంటుందని జెన్నరే అనుమానించాడు. 1902లో తయారైన ఒక మశూచి టీకా జన్యుక్రమాన్ని పరిశీలిస్తే గుర్రపు మశూచి వైరస్‌కు చాలా దగ్గరగా ఉందని 2017లో తేలింది.

ఆవు మశూచి సోకిన మనిషి ఇక ఎప్పటికీ మశూచి నుంచి క్షేమమని రాశాడు జెన్నర్. ఆయన వాడిన మాట క్షేమం, ఇమ్యూనిటీ కాదు. ఆ 'ఎప్పటికీ' కూడా నిలవలేదు. ఏళ్లు గడిచేకొద్దీ రక్షణ పలచబడుతుందని తరువాతి తరం చూసింది. 1874లో జర్మనీ చట్టం చేసినప్పుడు పసిపిల్లలకు ఒకసారి, పన్నెండో ఏట మళ్లీ ఒకసారి టీకా తప్పనిసరి చేసింది. బూస్టర్ డోసు నిన్నమొన్నటి కనిపెట్టు కాదన్నమాట.

దాదాపు ఎనభై ఏళ్ల పాటు వ్యాక్సినేషన్ అంటే మశూచి టీకా ఒక్కటే. కోళ్ల కలరాకు, ఆంత్రాక్స్‌కు బలహీనపరచిన సూక్ష్మజీవులతో రక్షణ కల్పించిన లూయీ పాశ్చర్, 1881లో లండన్ అంతర్జాతీయ వైద్య మహాసభలో ఒక ప్రతిపాదన చేశాడు. జెన్నర్ గౌరవార్థం ఈ పద్ధతులన్నిటికీ ఆ పేరే వాడదామన్నాడు. ఆవుతో ఏ సంబంధమూ లేని పోలియో చుక్కలకు కూడా ఆవు పేరే ఉండడానికి కారణం ఇదే.

గురివింద గింజలు తిన్న ఎలుకలు

అయితే ఇమ్యునైజేషన్ అనే ఇంకో మాట ఎందుకొచ్చింది? వ్యాక్సినేషన్‌లో ఇమడని పని ఒకటి దొరికింది కాబట్టి.

1890లో బెర్లిన్‌లో ఎమిల్ బెరింగ్, కితసాతో షిబసబురో కలిసి ఒక సంగతి ప్రకటించారు. ధనుర్వాతం విషాన్ని తట్టుకునేలా తయారైన జంతువు నుంచి నెత్తురు తీసి, అందులోని సీరంను, అంటే నెత్తురు గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని, మరో జంతువుకు ఎక్కిస్తే, ఆ రెండో జంతువూ ఆ విషాన్ని తట్టుకుంది. రెండోదానికి ఏ సూక్ష్మజీవీ ఇవ్వలేదు, దాని ఒళ్లు ఏమీ నేర్చుకోలేదు. అయినా రక్షణ వచ్చింది. దీన్ని వ్యాక్సినేషన్ అనలేం. రక్షణ మాత్రం నిజమే. ఆ స్థితికి పెద్ద పేరు కావాలి, ఆ స్థితికి చేర్చడానికి ఒక క్రియ కావాలి. పన్నుల నాటి పాత మాట 19వ శతాబ్ది చివర్లో వైద్యుల నోట ఇలా స్థిరపడింది.

దీనికి తీర్చిదిద్దిన రూపం ఇచ్చినవాడు జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్. సూక్ష్మజీవుల విషాలను కొలవడం కష్టమని ఆయన మొక్కల విషాలు ఎంచుకున్నాడు. ఒకటి ఆముదం గింజల్లోని రైసిన్, రెండోది గురివింద గింజల్లోని ఆబ్రిన్. అవును, సామెతలో తన నలుపు తానెరగని గురివిందే. ఎలుకలకు మేతలో చాలా తక్కువ మోతాదుతో మొదలుపెట్టి పెంచుతూ పోయాడు. కొన్ని వారాలకు, మామూలు ఎలుకను చంపే మోతాదుకు ఎన్నో రెట్లు ఇచ్చినా అవి చెక్కుచెదరలేదు. తమాషా ఏమిటంటే రైసిన్‌కు అలవాటుపడిన ఎలుక ఆబ్రిన్‌కు చచ్చిపోయేది. అంటే మినహాయింపు ఫలానా విషానికే, పక్క విషానికి కాదు.

తరువాతి ప్రశ్న: ఈ రక్షణ పిల్లలకు వస్తుందా? తండ్రి ఎలుక నుంచి రాలేదు. తల్లి నుంచి వచ్చింది గానీ కొన్ని వారాలే నిలిచింది. అప్పుడు ఎర్లిక్ పిల్లలను తారుమారు చేశాడు. విషం తట్టుకోగల తల్లి దగ్గర మామూలు తల్లి పిల్లలను పాలకు వదిలాడు. వాటికీ రక్షణ వచ్చింది. పాలల్లోనే ఏదో ఉందన్నమాట. 1892లో ఇది అచ్చయ్యాక రెండు మాటలు స్థిరపడ్డాయి: ఒళ్లు స్వయంగా తయారుచేసుకునేది క్రియాశీల ఇమ్యూనిటీ, మరొకరి నుంచి తయారుగా అందేది నిష్క్రియ ఇమ్యూనిటీ. మనుషుల్లో మాత్రం పాల కంటే ముందే, కడుపులో ఉండగానే మాయ గుండా తల్లి యాంటీబాడీలు, అంటే రోగాన్ని ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకునే ప్రోటీన్లు, బిడ్డ నెత్తుట్లోకి చేరతాయి. గర్భిణికి ధనుర్వాతం టీకా వేయడంలోని లెక్క ఇదే. వ్యాక్సినేషన్ తల్లికి, ఇమ్యునైజేషన్ ఇద్దరికీ.

రెండు రకాలనూ పక్కపక్కన చూడాలంటే కుక్క కాటు చాలు. గాయం తీవ్రంగా ఉంటే తయారుగా ఉన్న రేబిస్ యాంటీబాడీలను గాయం చుట్టూ ఎక్కిస్తారు, టీకా విడిగా చేతికి వేస్తారు. టీకాకు ఒళ్లు స్పందించి సొంత యాంటీబాడీలు కూడగట్టడానికి వారం పది రోజులు పడుతుంది. వైరస్ అంత గడువు ఇవ్వకపోవచ్చు. ఎక్కించిన యాంటీబాడీలు ఆ ఖాళీని పూడుస్తాయి. అవి మూడు వారాలకు సగం, మరో మూడు వారాలకు అందులో సగం చొప్పున కరిగిపోతుంటాయి, ఈలోపు సొంత బలగం వచ్చేస్తుంది.

టీకా వేసినవాళ్లూ, ఇమ్యూన్ అయినవాళ్లూ: ఒక లెక్క

తట్టు, అంటే మీజిల్స్ టీకా ఒక డోసు వేస్తే నూటికి సుమారు 93 మందికి రక్షణ వస్తుంది. రెండు డోసులకు సుమారు 97 మందికి.

వెయ్యి మంది పిల్లలున్న బడిని ఊహించుకుందాం. 950 మందికి రెండు డోసులూ పడ్డాయి, 50 మందికి ఒక్కటీ పడలేదు. వ్యాక్సినేషన్ లెక్కన ఈ బడి 95 శాతం. ఇమ్యునైజేషన్ లెక్క వేరు. 950లో 3 శాతం, అంటే 28 మందికి టీకా పనిచేయలేదు. వాళ్లెవరో వాళ్లకు కూడా తెలియదు. ఇప్పుడు తట్టు బడిలోకి వచ్చి, రక్షణ లేని ప్రతి పిల్లాడికీ సోకిందనుకుందాం. 50కి 28 కలిపితే 78 మంది. వార్త ఇలా రావచ్చు: 'తట్టు సోకినవారిలో మూడో వంతుకు పైగా టీకా వేసుకున్నవారే.' అబద్ధం కాదు, 78లో 28 అంటే 36 శాతం. కానీ టీకా వేసుకున్న 950 మందిలో పడ్డది 28 మంది, వేసుకోని 50 మందిలో పడ్డది 50 మంది. నూటికి 3 ఒకవైపు, నూటికి 100 ఇంకోవైపు. టీకా వేసుకున్నవాళ్ల గుంపు పెద్దదయ్యేకొద్దీ రోగుల్లో వాళ్ల వాటా పెరుగుతుంది. బడిలో అందరికీ టీకా పడి ఉంటే, సోకిన కొద్దిమందిలో నూటికి నూరు మందీ టీకా వేసుకున్నవాళ్లే అయ్యేవారు. ఆ అంకె అప్పుడు భయంకరంగా కనిపిస్తుంది, బడి మాత్రం ఎన్నడూ లేనంత క్షేమంగా ఉంటుంది.

దేని నుంచి మినహాయింపు?

ధనుర్వాతం టీకా ఆ బ్యాక్టీరియాను ఆపదు. అది విడుదల చేసే విషాన్ని పనిచేయకుండా చేస్తుంది, అంతే. ఇంకో వింత: ధనుర్వాతం వచ్చి బతికినవాళ్లకు ఇమ్యూనిటీ రాదు. మనిషిని పడగొట్టడానికి చాలే ఆ విషం, ఒంటికి పాఠం నేర్పడానికి చాలదు. అందుకే కోలుకున్నవాళ్లకూ టీకా వేస్తారు. 'జబ్బుతో వచ్చే సహజ ఇమ్యూనిటీయే మేలు' అనే వాదన ఈ ఒక్కచోట పూర్తిగా తలకిందులవుతుంది.

మిగతాచోట్ల ఆ వాదన కొట్టిపారేసేది కాదు. తట్టు ఒకసారి వచ్చి తగ్గితే దాని నుంచి దాదాపు జీవితాంతం రక్షణ ఉంటుంది. చాలా జబ్బుల్లో సోకి తగ్గాక వచ్చే ఇమ్యూనిటీ గట్టిదే. దానికి చెల్లించే వెల దగ్గరే పేచీ. తట్టు వైరస్ రోగనిరోధక వ్యవస్థ జ్ఞాపకాలనే తుడిచేస్తుంది. టీకా వేయించుకోని పిల్లల నెత్తుటి నమూనాలను తట్టు రాకముందు, వచ్చాక పోల్చి 2019లో ప్రకటించిన ఫలితాల్లో, ఇతర రోగాల మీద అప్పటికే కూడగట్టిన యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా పోయినట్టు కనిపించింది. ఒక మినహాయింపు సంపాదించే ప్రయత్నంలో పాతవి చేజారతాయన్నమాట. టీకాతో ఈ నష్టం కనిపించలేదు.

పోలియోలో ఈ తేడా ఇంకో రూపంలో ఉంది. 1955లో వచ్చిన సాల్క్ సూది నెత్తుట్లో యాంటీబాడీలు పుట్టించి వైరస్ నరాల దాకా వెళ్లకుండా చూస్తుంది, పక్షవాతం రాదు. కానీ పేగుల్లో వైరస్ పెరగడాన్ని అంతగా ఆపలేదు. కాబట్టి మనిషి క్షేమంగా ఉంటూనే ఇతరులకు అంటించగలడు. సేబిన్ నోటి చుక్కలు పేగుల్లోనూ రక్షణ కలిగిస్తాయి. రెండూ ఇమ్యునైజేషనే. ఒకటి జబ్బు నుంచి, ఇంకోటి చాలావరకు సంక్రమణ నుంచి కూడా. కరోనా టీకాల మీద జరిగిన రభసలో సగం, ఈ రెండింటిలో దేన్ని ఆశించామో తేల్చుకోకపోవడం వల్ల వచ్చిందే. తీవ్ర జబ్బు, మరణం నుంచి రక్షణ ఎక్కువకాలం నిలిచింది. సోకకుండా ఆపే గుణం నెలల్లోనే తగ్గింది. థుసిడిడీస్ చేసిన సవరణ సరిగ్గా ఇదే.

2021లో మారిన నిర్వచనం

2021 సెప్టెంబరులో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ తన నిర్వచనాల్లో ఒక మాట మార్చింది. వ్యాక్సినేషన్ అంటే ఫలానా రోగం మీద 'ఇమ్యూనిటీ' కలిగించడానికి వ్యాక్సిన్‌ను శరీరంలోకి పంపడం అని ఉండేది. 'ఇమ్యూనిటీ' తీసేసి 'రక్షణ' అని పెట్టింది.

విమర్శ వెంటనే వచ్చింది. బంతి గోల్‌లో పడలేదని గోల్‌పోస్టు జరిపారన్నారు. మాట ఇచ్చినప్పుడు ఒక అర్థం, ఫలితం చూశాక ఇంకో అర్థమైతే జనం ఎందుకు నమ్మాలి? ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. సంస్థ సమాధానం: ఇమ్యూనిటీ అంటే నూటికి నూరుపాళ్లని జనం అనుకుంటున్నారు, ఏ టీకా ఎప్పుడూ అంతటిది కాదు, కాబట్టి అపోహ లేని మాట పెట్టాం. ఇందులోనూ నిజముంది. రోమన్ల నుంచి ఎర్లిక్ ఎలుకల దాకా ఇమ్యూనిటీ ఎన్నడూ సంపూర్ణం కాదు. నాకనిపించేది, తప్పు మార్చడంలో లేదు, మార్చిన సమయంలో ఉంది. పాత మాటను అంతకాలం వివరణ లేకుండా వాడి, సరిగ్గా సందేహాలు ముసురుకున్న వేళ మార్చడంతో, సరైన సవరణ కూడా తప్పించుకోవడంలా కనిపించింది.

అసలు ఈ రెండు మాటల మధ్య గీత అంత గట్టిగా గీయాలా అని అడిగేవాళ్లూ ఉన్నారు. 1974లో మొదలైన ప్రపంచ ఆరోగ్య సంస్థ కార్యక్రమం పేరులోనే ఇమ్యునైజేషన్ ఉంది, చేసింది మాత్రం టీకాలు వేయడమే. వాడుకలో రెండూ ఒకటైపోయాయి, దాంతో నష్టమేమీ లేదని వాళ్ల వాదన. ఇంటి మాటల్లో నిజమే. లెక్కల్లోకి దిగితే మాత్రం గీత అవసరమవుతుంది.

ఒక డోసు ఎందుకు చాలదు?

రక్షణ లేని జనంలో ఒక తట్టు రోగి సగటున 12 నుంచి 18 మందికి అంటిస్తాడని అంచనా. 15 అనుకుందాం. వ్యాప్తి ఆగాలంటే ప్రతి రోగీ ఒక్కరికి మించి అంటించకూడదు. అంటే అతను కలిసే ఆ 15 మందిలో 14 మంది ఇమ్యూన్ అయి ఉండాలి. 15లో 14 అంటే 93.3 శాతం. దీన్నే హెర్డ్ ఇమ్యూనిటీ అవధి అంటారు.

ఇప్పుడు ఒక డోసు పద్ధతి చూడండి. దేశంలో ఒక్కరూ మిగలకుండా నూటికి నూరు మందికీ వేసినా, పనిచేసేది 93 మందికే. కావలసింది 93.3. వ్యాక్సినేషన్ సంపూర్ణమైనా ఇమ్యునైజేషన్ గీత కిందే ఆగిపోయింది. రెండు డోసులైతే 97 శాతం పనిచేస్తుంది కాబట్టి, 96 శాతం కంటే కాస్త ఎక్కువ మందికి వేస్తే గీత దాటుతాం. అందరి నోటా వినిపించే 95 శాతం లక్ష్యం ఇలాంటి లెక్కల దగ్గరి నుంచి వచ్చిందే. రెండో డోసు మొదటిదానికి బలం పెంచడానికని చాలామంది అనుకుంటారు. తట్టు విషయంలో దాని ముఖ్యమైన పని, మొదటిసారి పనిచేయని ఆ 7 శాతం మందిని మళ్లీ పట్టుకోవడం.

మూనుస్ ఇక్కడ అడ్డం తిరుగుతుంది. రోమ్‌లో ఒకడికి మినహాయింపు దొరికితే వాడి వంతు భారం పక్కవాళ్ల మీద పడేది. అంటువ్యాధుల్లో ఒకరికి మినహాయింపు దొరికితే పక్కవాళ్ల భారం తగ్గుతుంది. కీమోథెరపీలో ఉన్న మనిషి, టీకా వయసు రాని పసికందు ఈ తగ్గింపు మీదే ఆధారపడతారు. ధనుర్వాతం సంగతి మాత్రం వేరు. అది మనిషి నుంచి మనిషికి అంటదు కాబట్టి ఊరంతా టీకా వేసుకున్నా వేసుకోనివాడికి ఒరిగేదేమీ ఉండదు. హెర్డ్ ఇమ్యూనిటీ పేరు చెప్పి అన్ని టీకాలనూ ఒకే వాదనతో సమర్థించేవాళ్లు ఈ తేడా దాటేస్తుంటారు.

మాట మళ్లీ డబ్బు లెక్కల్లోకి వెళ్లింది కూడా. బ్రిటిష్ బీమా గణకుడు ఫ్రాంక్ రెడింగ్టన్ 1952లో, వడ్డీ రేట్లు మారినా బీమా సంస్థ తన చెల్లింపులకు ఇబ్బంది పడకుండా పెట్టుబడులు పేర్చే పద్ధతిని ఇమ్యునైజేషన్ అన్నాడు. బాండ్ల పాఠాల్లో ఈ మాట ఎదురైతే టీకాలు గుర్తొచ్చి కంగారు పడక్కర్లేదు.

కొలిచేదెలా?

ఒక మనిషి ఇమ్యూన్ అయ్యాడని తెలిసేదెలా? కొన్ని రోగాలకు అంకె ఉంది. హెపటైటిస్ బి టీకా తరువాత నెత్తుట్లో మిల్లీలీటరుకు 10 మిల్లీ అంతర్జాతీయ యూనిట్లకు తగ్గకుండా యాంటీబాడీలుంటే రక్షణ వచ్చినట్టు లెక్క. వైద్య సిబ్బందికి ఈ పరీక్ష చేసే ఆనవాయితీ ఉంది. అక్కడ కూడా చిన్న మెలిక ఉంది. ఏళ్లు గడిచాక ఆ అంకె 10 కిందికి జారినా చాలామందిలో రక్షణ పోదు. జ్ఞాపక కణాలు వైరస్ కనబడగానే మేలుకుని కొత్త యాంటీబాడీలు తయారుచేస్తాయి, హెపటైటిస్ బి నెమ్మదిగా ముదిరే రోగం కాబట్టి వాటికి ఆ వ్యవధి దొరుకుతుంది.

కోరింత దగ్గుకు అలాంటి ఒప్పుకున్న గీత లేదు. క్షయకు వేసే బీసీజీకీ లేదు. చేతి మీద బీసీజీ మచ్చ పడడం టీకా వేసినట్టు గుర్తే తప్ప రక్షణ వచ్చిందనడానికి రుజువు కాదు, మచ్చ పడకపోతే రాలేదనీ కాదు. కోట్ల మంది నెత్తురు తీసి పరీక్షించడం ఏ ప్రభుత్వం వల్లా అయ్యే పని కాదు. అందుకే పేరు ఇమ్యునైజేషన్ కార్యక్రమమైనా, ప్రభుత్వాలు ఏటా ప్రకటించే శాతాలు మాత్రం ఎంతమందికి సూది పడిందో చెప్పే వ్యాక్సినేషన్ శాతాలే.